ఇంట్లో తినే దెబ్బల గురించి మాట్లాడుకుందాం



ఈసారి కొంచెం కష్టమైన విషయం. మానసిక వ్యాధి ముదిరిన మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళు తినే తిట్లు, దెబ్బల గురించి. మా తమ్ముడికి 26 ఏళ్ళుగా స్కిజోఫ్రెనియా. మా ఇంట్లోనే ఉంటాడు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తరు. కానీ మాత్రలు ఆగిపోయి, చెవిలో గొంతులు వినిపించి, అన్నంలో విషం కలిపారన్న అనుమానం పుట్టిన రోజున ఎదురుగా ఉండేది ఎవరు? ఆ అన్నం పెట్టే మనిషే. మా ఇంట్లో విసిరిన కంచం మా ఆవిడ నుదుటికి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. అడిగినవాళ్ళకి బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది. నెల తర్వాత వాడే కుదుటపడి, "వదినా, నేనా కొట్టింది?" అని ఏడ్చాడు. వాడి మీద కోపం పెట్టుకోలేం, నొప్పి లేదనీ అనలేం.

బయటికి ఎందుకు చెప్పరు? మన ఊళ్ళో "కీళ్పాక్కం కేసు" అంటే ఎగతాళి. 1794లో మొదలైన ఆసుపత్రి పేరే తిట్టయిపోయింది. పెళ్ళికెదిగిన పిల్లలుంటే అసలే నోరు విప్పరు. పోలీసులకి చెబితే వాణ్ణి కొడతారేమోనని భయం.

ఇలా దాచి దాచి, ఓపిక అయిపోయాక కొందరు ఎక్కడో వదిలేసి వస్తారు. 2001 ఆగస్టు 6న ఎర్వాడిలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. గొలుసు వెయ్యడం ఘోరమే. ఇప్పుడు చట్టప్రకారం నిషేధం కూడా. కానీ అంతదాకా రాకముందే ఆ ఇళ్ళకి సాయం అంది ఉండాలి కదా.

దారి ఉంది. 2017 చట్టం ప్రకారం, రోగి ఒప్పుకోకపోయినా, అతని తరఫు ప్రతినిధి అర్జీ పెట్టి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమంటే 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉంటే పోలీసులు 24 గంటల్లోపల ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లాకప్‌లో పెట్టకూడదు. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. డాక్టర్ శారదా మేనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ మన అణ్ణా నగర్‌లోనే ఉంది.

మేము అనుభవంలో నేర్చుకున్నవి కొన్ని. రెండు రాత్రులు నిద్రపోకపోతే మూడోరోజు దాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి. అనుమానంతో వాదించకూడదు. గొంతు పెరిగితే వంటింట్లో ఉండకూడదు, వాకిలి దగ్గరికి వచ్చెయ్యాలి. కత్తి, కత్తిపీట కంటికి కనబడకూడదు. దెబ్బ తగిలితే డాక్టరుకి నిజం చెప్పాలి. అప్పుడే మందు సరిచూస్తారు.

సంఘానికి ఒకటే మనవి. మెంబర్లలో నలుగురైదుగురు పేర్లు, ఫోన్ నెంబర్లు ఇవ్వండి. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా ఆటో పట్టుకుని వచ్చేవాళ్ళు కావాలి. వచ్చాక "జాతకం చూపించారా, గుడికి తీసుకెళ్ళారా" అని అడగొద్దు. దెబ్బ తిన్న ఆ తల్లినో, వదిననో ఆ ఒక్క రాత్రి మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి. మా నెంబరు ఆ పట్టీలో మొదట రాసుకోండి.