ధూల్‌పేట పాట

చార్మినార్ చూడ్డం అయింది. లాడ్‌బజార్‌లో గాజుల బేరమూ అయింది. ఇక ఇంటికేనా? కాస్త ఓపికుంటే ఆటో ఎక్కి పురానాపూల్ వైపు పోనివ్వమనండి. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో మూసీ మీద కట్టిన వంతెన అది. దాటితే ధూల్‌పేట, మంగళ్‌హాట్. పర్యాటకులు పెద్దగా తొంగిచూడని గల్లీలు. కానీ 2023 మార్చిలో లాస్‌ఏంజెలిస్‌లోని ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడిన రాహుల్ సిప్లిగంజ్ ఈ బస్తీ కుర్రాడే!

పాప్ గాయకుడికి గొంతు ఒక్కటే సరిపోదు. వేషం, కెమెరా, బొమ్మ... ఇవీ తోడవ్వాలి. పాశ్చాత్యులకిది పాత సంగతే. 1967లో బీటిల్స్ బృందం తెచ్చిన ‘సార్జెంట్ పెప్పర్స్’ రికార్డు అట్టను పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అనే చిత్రకారుల జంట తీర్చిదిద్దింది. అదే ఏడాది ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’ రికార్డు అట్టకు ఆండీ వార్హోల్ అరటిపండు బొమ్మ వేశాడు. 1981లో ఎంటీవీ వచ్చాక పాటను చూడ్డం కూడా అలవాటైంది. మరి ధూల్‌పేటలో? ఇక్కడ ఆ విద్యలన్నీ గల్లీలోనే ఉన్నాయి.

కత్తెర పక్కన గజల్

రాహుల్ తండ్రిది క్షౌరవృత్తి. ఆ దుకాణంలో కటింగులు చేస్తూనే రాహుల్ పాట నేర్చుకున్నారు. బస్తీకి సెలూనే కదా ఫ్యాషన్ బడి! సినిమా విడుదలైన వారానికల్లా హీరో క్రాపు అక్కడి అద్దంలో కనిపిస్తుంది. ఎవరి మొహానికి ఏది నప్పుతుందో కత్తెర పట్టినవాళ్లకే బాగా తెలుసు. ఇక గొంతు సానపట్టింది గజల్ విద్వాంసుడు పండిట్ విఠల్‌రావు.

2009లో ‘జోష్’ సినిమాతో అవకాశం వచ్చింది. అయినా బస్తీ కుర్రకారుకు ఆయన్ని దగ్గర చేసినవి యూట్యూబ్ వీడియోలు. ‘మంగమ్మ’, ‘గల్లీ కా గణేష్’, ‘దావత్’... హైదరాబాదీ మాట, తీన్‌మార్ ఊపు. 2019లో బిగ్‌బాస్ విజేతగా ఇంటింటికీ తెలిశారు. 2025 బోనాల వేళ రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

ఆ తీన్‌మార్ కథా పాతబస్తీదే. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన మర్ఫా దరువు ముస్లింల పెళ్లి బరాత్‌లో మోగుతుంది, గణేశ్ ఊరేగింపులోనూ మోగుతుంది. దరువు మొదలైతే కాళ్లు ఆగవు!

రంగుల గల్లీ

ఇక బొమ్మలు. ఉత్తరాది నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ లోధ్ కుటుంబాలు ఇక్కడ వినాయక విగ్రహాలు చేస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కొబ్బరి పీచు కలిపి, అచ్చుల్లో పోసి, ఆరాక అతికి రంగులద్దుతారు. సంక్రాంతి వస్తోందంటే పతంగుల పని. బొమ్మలకూ ఫ్యాషన్ ఉంటుంది సుమా! నగరంలోని మండపాల్లో ఒకప్పుడు బాహుబలి గణపతి కొలువుదీరాడు. 2022లో ఆర్ఆర్ఆర్ గణపతి వచ్చాడు. ఈ బస్తీ గొంతు వినిపించిన సినిమాయే అది!

అయితే అంతా సంబరమే కాదు. హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలు నిమజ్జనం చేయరాదని 2021లో హైకోర్టు ఆదేశించింది. ఆ ఒక్క ఏటికి సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. చెరువు బాగుండాలన్నది నిజం. ప్లాస్టర్ పనినే నమ్ముకున్న ఇళ్లలో పొయ్యి వెలగాలన్నదీ నిజమే. మట్టికి మారాలంటే పని నెమ్మదిస్తుంది, ఆరబెట్టడానికి ఎండ కావాలి, బరువూ పెరుగుతుంది.

పైగా ధూల్‌పేటకు ఇంకో పేరుంది. ఏళ్ల తరబడి గుడుంబా అంటే ధూల్‌పేటే. ఆ బట్టీలు ఆర్పించాక, 2024లో గంజాయి మీద ఎక్సైజ్ శాఖ చేపట్టిన దాడులకూ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ అనే పేరు. కొందరి తప్పుకు బస్తీ పేరంతా పత్రికలకెక్కుతుంది. అందుకే ఇక్కడి పిల్లలకు ఆ ఆస్కార్ పాట వినోదం మాత్రమే కాదు... ‘మాది ధూల్‌పేట’ అని తలెత్తి చెప్పుకోవడానికి ఓ ఆసరా.

చవితికి నెల ముందు, ఓ ఉదయం పిల్లల్ని తీసుకుని వెళ్లండి. మట్టి విగ్రహం కావాలని అడిగి మరీ కొనండి. తడి రంగును మాత్రం ముట్టుకోనివ్వకండి!