విశాఖ రాళ్ల మీద రెండు రోజులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, "ఏం రాయమంటారు?" అని అడిగాను. "మీరు ఎట్లా పైకొచ్చారో రాయండి సార్" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పైకి రావడం అంటే నాకు ఉద్యోగం గుర్తుకు రాలేదు. 2023 జనవరిలో విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఎక్కిన పాతిక అడుగుల బండ గుర్తుకొచ్చింది. దాని వెనుక ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ సంగతే రాస్తున్నాను.

నేను బోనకల్ హాస్టల్లో ఆరు నుంచి పది వరకు ఉన్నాను. 1996 పదో తరగతి బ్యాచ్. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక ప్లేటు, గ్లాసు. రాత్రి స్టడీ అవర్లో గూడ్సు బండి పోతుంటే లెక్కలు ఆపి పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. నా పెట్టె పక్కనే ఇంకొకడి పెట్టె ఉండేది. సబ్బు అరిగిపోతే వాడిది నేను, నాది వాడు వాడుకునేవాళ్లం. వాడిప్పుడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నేను బడిపంతులును. ఇప్పటికీ ఒకరినొకరం "బావా" అనే పిలుచుకుంటాం.

1993 దసరా సెలవులకు నేను వాళ్ల ఊరు వెళ్లాను. సాగర్ కాలువ నిండుగా పారుతోంది. ఇద్దరికీ ఈత రాదు. గట్టున కూర్చుని స్నానం చేద్దామని దిగాం. సిమెంటు లైనింగు మీద పాచి పట్టి ఉంది. వాడు కాలు జారి నీళ్లలో పడ్డాడు. నేను బోర్లా పడుకుని వాడి మణికట్టు అందుకున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, నేనూ కిందికి జారుతున్నానని తెలిసింది. చెయ్యి వదిలేశాను.

దిగువన ఒక పెద్దాయన గేదెలు కడుగుతున్నాడు. ఆయన పలుపు తాడు విసిరాడు. వాడు దాన్ని పట్టుకుని బతికాడు. ఇంట్లో చెప్పలేదు, హాస్టల్‌కు వచ్చాక వార్డెన్ సారుకూ చెప్పలేదు. తోటి పిల్లలకు మాత్రం నేను "చెయ్యి జారిపోయిందిరా" అని చెప్పాను. జారిపోలేదు. నేనే వదిలేశాను. వాడు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అప్పటి నుంచి నీళ్లన్నా, ఎత్తన్నా నాకు భయం. బడి పిల్లల్ని ఖమ్మం ఖిల్లాకు తీసుకెళితే మెట్ల దగ్గరే ఆగిపోయి, "మీరు చూసి రండి" అనేవాణ్ని.

ఇక విశాఖ ప్రయాణం సంగతి. మావాడి మేనల్లుడు సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాడు. భువనగిరి కోట గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్నాడు. ఆ గుట్ట మొత్తం ఒకే రాయి. మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చింది అక్కడే. తర్వాత డార్జిలింగులో, లడఖ్ చలిలో శిక్షణ తీసుకుని, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వ్యవసాయ కూలీల బిడ్డ. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లలందరిలో అప్పటికి ఆమే చిన్నది. ఆనంద్‌ది మన పాత ఖమ్మం జిల్లాలోని చర్ల మండలం. ఆ రోజు పేపరు మా బడి గోడకు అంటించాను. అంటించింది నేనే, కానీ ఆ ఫోటోలోని మంచు గోడను ఒక్క నిమిషం కూడా చూడలేకపోయాను.

ఆ మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, సెలవులకు విశాఖ పోదాం. సముద్రం పక్కన రాళ్లెక్కుదాం. కోస్టీరింగ్ కూడా కొంచెం రుచి చూపిస్తా" అన్నాడు. కోస్టీరింగ్ అంటే ఒడ్డు వెంట రాళ్ల మీదుగా పాకుతూ, నడుస్తూ, అవసరమైన చోట నీళ్లలో ఈదుతూ ముందుకు పోవడం. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, పెంబ్రోక్‌షైర్ తీరంలో 1980లలో ఇది ఆటగా పేరు తెచ్చుకుంది. అక్కడ చలి తట్టుకునే రబ్బరు దుస్తులు, హెల్మెట్, తేలే జాకెట్, పాత బూట్లు వేసుకుని, తీరం తెలిసిన మనిషి వెంట గుంపుగా వెళతారు. నేను రానన్నాను. మావాడు మాత్రం, "నువ్వు రాకపోతే నేనూ పోను బావా" అన్నాడు. ఆ మాటకు కాదనలేకపోయాను.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకని కనుమ దాటనిచ్చి బయలుదేరాం. బోనకల్ స్టేషన్లో బండి ఎక్కి విజయవాడ, అక్కడి నుంచి రాత్రి బండిలో విశాఖ. పొద్దున్నే భీమిలి దారి పట్టాం. ఒకవైపు తొట్లకొండ, పైన పాత బౌద్ధారామం. మరోవైపు మంగమారిపేట, సముద్రం. అలలు రాతిని తొలిచి చేసిన సహజ తోరణం అక్కడే ఉంది. మేనల్లుడు దాని మీద చెయ్యి కూడా వేయనివ్వలేదు. "అది చూడటానికే మామయ్యా. సముద్రం ఎన్ని వేల ఏళ్లు కష్టపడి చేసిందో!" అన్నాడు.

మేం ఎక్కింది ఒడ్డుకు కాస్త ఎగువన ఉన్న మరో బండ. ఈ కొండల రాయిని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఎర్రటి గోమేదికపు రవ్వలు అందులో మెరుస్తుంటాయి. మేనల్లుడు ముందు చెయ్యితో తట్టి చూశాడు, బోలు శబ్దం వస్తే వదిలేశాడు. సముద్రపు గాలికి రాయి పైపొర గుల్లబారుతుందట.

పైన రెండు వేర్వేరు బండలకు పట్టీలు చుట్టి, కొక్కేనికి తాడు తగిలించాడు. ఒకటి ఊడినా రెండోది కాయాలి. తాడు ఒక కొస ఎక్కేవాడి నడుము పట్టీకి ఎనిమిది అంకె ముడితో కడతారు. రెండో కొస కింద నిలబడిన మనిషి నడుముకున్న ఇనుప సాధనంలోంచి పోతుంది. ఎక్కేవాడు పైకి పోతున్న కొద్దీ కింద మనిషి వదులు తీస్తూ ఉండాలి. పైవాడు జారితే తాడు బిగబట్టాలి. బిగబట్టే చేతిని ఏ క్షణంలోనూ తాడు మీద నుంచి తీయకూడదు. దోమ కుట్టినా, ఫోన్ మోగినా సరే. ఇదంతా వింటుంటే మా ఊరి గౌడన్న మోకు గుర్తొచ్చింది. తాడిచెట్టెక్కే ముందు ఆయన కూడా మోకును రెండుసార్లు లాగి చూసుకునేవాడు.

"మామయ్యా, మీ తాడు ఎవరు పట్టుకోవాలి?" అని అడిగాడు మేనల్లుడు. నేను నోరు తెరవక ముందే మావాడు ముందుకొచ్చి, "నేను పట్టుకుంటా. స్తంభాల మీద రోజూ చేసే పనే కదా" అన్నాడు. నా ముడి వాడు చూశాడు, వాడి పట్టీ నేను చూశాను. ఎక్కే ముందు ఒకరిది ఒకరు చూడాలన్నది అక్కడి నియమం.

ఎక్కడం మొదలుపెట్టాను. రెండు కాళ్లు, రెండు చేతులు. మూడు ఆనుకుని ఉండాలి, ఒక్కటే కదలాలి. బరువంతా కాళ్ల మీద వేయాలి. నేను మాత్రం చేతులతోనే వేలాడాను. పది అడుగులకే ముంజేతులు బండబారాయి. పదిహేను అడుగుల దగ్గర మోకాలు కుట్టు మిషన్ లాగా వణికింది. ఒక్కసారి కిందికి చూశాను. మావాడు మెడ వెనక్కి వంచి నన్నే చూస్తున్నాడు. "ఉన్నాను బావా, ఎక్కు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కాలు జారింది. అర గజం కూడా పడలేదు. తాడు బిగుసుకుంది, నేను గాల్లో వేలాడాను. నాకు రాయి కనిపించలేదు, సముద్రం వినిపించలేదు. కాలువ గట్టు కనిపించింది. వాడి మణికట్టు, నా వేళ్లు.

కాసేపు అలాగే ఉండి మళ్లీ పట్టు వెతుక్కున్నాను. ముప్పావు గంటకు పైన కొక్కేన్ని తాకాను. కిందికి దిగాక అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత వాడి వంతు. తాడు నేను పట్టుకుంటానన్నాను. పక్కన మేనల్లుడు తాడు కొస పట్టుకుని కాపు కాశాడు. లైన్‌మన్ కదా, చకచకా ఎక్కేశాడు. దింపేటప్పుడు వాడి బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. చేతులు చెమట పట్టాయి. వాడి పాదాలు ఇసుకలో ఆనేదాకా ఊపిరి తీసుకున్నానో లేదో నాకు తెలియదు. కింద ఆనాక కూడా తాడు వదల్లేదు. "ఇంక వదులు బావా, దిగాను" అని వాడే నవ్వాడు.

మర్నాడు నీళ్లు వెనక్కి తీసే వేళ చూసి ఒడ్డు వెంట నడిచాం. జాకెట్లు, హెల్మెట్లు వేసుకున్నాం. ముందు ఒక పెద్ద వయసు మత్స్యకారుడు నడిచాడు. రాళ్లకు పదునైన గుల్లలు అంటుకుని ఉన్నాయి, చెయ్యి వేస్తే చీరుకుపోతుంది. నున్నగా, నల్లగా కనబడిన చోట కాలు పెట్టొద్దన్నాడు. ప్రతి సందు దగ్గరా ఆపి కెరటాలు చూపించేవాడు. "సముద్రానికి ఈపు సూపెట్టకండి బాబూ. సిన్న కెరటాలు సూసి మోసపోకండి, ఎనకాల పెద్దదొస్తాది" అన్నాడు. మొదట మోకాలి లోతు, తర్వాత నడుము లోతు. ఉప్పు నీళ్లు ముఖాన కొట్టినప్పుడల్లా మావాడి భుజం పట్టుకున్నాను. వాడూ నా జాకెట్టు పట్టీ పట్టుకున్నాడు. ఇంకో మలుపు ఉందనగా ఆ పెద్దాయన నీళ్ల వైపు చూసి, "సాలు బాబూ, ఎనక్కెల్లిపోదాం. అమాస దగ్గరికొస్తంది, పోటు పెరుగుతాది" అన్నాడు. మారు మాట్లాడకుండా తిరిగొచ్చేశాం. చివరిదాకా వెళ్లలేదని ఎవరికీ బాధ లేదు.

సాయంత్రం ఇసుకలో కూర్చుని టీ తాగుతున్నాం. మేనల్లుడు తాళ్లు చుడుతున్నాడు. నేను చెప్పేశాను. "బావా, ఆ రోజు కాలువలో నీ చెయ్యి జారలేదు. నేను వదిలేశాను."

వాడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నాకు తెలుసురా. నీ వేళ్లు విప్పడం నాకు తెలియదా? అప్పుడు కోపం వచ్చింది. ఏడాది పాటు నీ మీద కోపంగానే ఉన్నా. తర్వాత నాకే పిల్లలు పుట్టాక అనిపించింది. నువ్వు కూడా పడితే ఆ ముసలాయన దగ్గర ఉన్నది ఒక్క తాడే" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చెప్తావని చూశా. శానా ఆలస్యం చేశావ్" అన్నాడు.

ఇంతకన్నా మేం ఏమీ మాట్లాడుకోలేదు. తిరుగు ప్రయాణంలో పాత రోజుల్లో మాదిరిగా ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నాం.

తమ్ముళ్లూ, మన ఇళ్లలో మనకు చెప్పే మాట ఒకటే. "నువ్వే మా ఆశ, జాగ్రత్త." అందుకే నీళ్లకూ, గుట్టలకూ దూరంగా పెరుగుతాం. కానీ కాలువ మన ఊరి మధ్య నుంచే పారుతుంది. దూరంగా ఉండమని చెప్పినంత మాత్రాన పిల్లలు ఉండరు. మేమూ ఉండలేదు. పూర్ణకూ, ఆనంద్‌కూ ధైర్యం ఊరికే రాలేదు. ముడి వేయడం నేర్పినవాళ్లున్నారు, తాడు పట్టిన చేతులున్నాయి. ఆ ఏర్పాటు దొరికితే మన పిల్లలు ఎంత దూరమైనా పోగలరు.

మా బ్యాచ్ వాళ్లం మాట్లాడుకున్నాం. వచ్చే వేసవిలో మన హాస్టల్ పిల్లలకు ఖమ్మంలో ఈత నేర్పించడానికి అయ్యే ఖర్చు మేం పెట్టుకుంటాం. వార్డెన్ సారు అనుమతి, తల్లిదండ్రుల సంతకం తీసుకునే చేద్దాం. నేర్చుకునేదాకా కాలువలో దిగమని నాకు మాట ఇవ్వండి. నలభై రెండేళ్లకు నాకు తెలిసింది మీకు పద్నాలుగేళ్లకే తెలియాలి.

నేనూ మీతో పాటే నేర్చుకుంటాను. మొదటి రోజు కొలను గట్టున నాకు భయమేస్తే నవ్వొద్దు. మావాడు కూడా వస్తానన్నాడు.

– ఒక పూర్వ విద్యార్థి, 1996 పదో తరగతి బ్యాచ్, బోనకల్