ఒక్కసారి చెబితే చాలదా

1996లో మా గూడెం పిల్ల మిరపకాయ కోతకెళ్లి చిరిగిన రైకతో తిరిగొచ్చింది. చేసింది ఆసామి కొడుకు. వాళ్లమ్మకి చదువు రాదు. పదో తరగతి తప్పినదాన్ని నేనే దిక్కు. "తోడు రావే అమ్మాయ్" అంటే వెళ్లాను.

స్టేషన్లో రైటరుకి చెప్పింది. ఎస్సైకి చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరమ్మకి, కులం కాగితం కోసం వెళ్తే గుమాస్తాకి, అట్రాసిటీ కేసని వచ్చిన డీఎస్పీకి, ఆఖరికి కోర్టులో. చెప్పిన ప్రతిసారీ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆసుపత్రిలో రెండు వేళ్లు పెట్టి చూశారు. వైద్యమంటే అదే కాబోలనుకున్నాం. అలా చూసినవాళ్లదే తప్పని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2022 వచ్చింది.

రాజస్థాన్లో కుమ్మరి కులం భన్వరీదేవి బాల్యవివాహం ఆపబోయిందని 1992లో ఆమెను చెరిచారు. 1995లో కింది కోర్టు ఆ నేరం లేదు పొమ్మంది. మహిళా సంఘాలు ఊరుకోలేదు. ఐక్యరాజ్యసమితి మహిళా ఒప్పందాన్ని మన దేశం 1993లో ఒప్పుకుంది. దాన్ని ఆసరా చేసుకుని, పనిచోట ఆడవాళ్ల రక్షణకి సుప్రీంకోర్టు 1997లో విశాఖ మార్గదర్శకాలిచ్చింది. దేశాలు దాటొచ్చిన కాగితం కూలితల్లి దాకా రావాలంటే ఎన్ని చేతులు కలవాలో!

పోలీసు సాయం, వైద్యం, వకీలు, తలదాచుకునే చోటు ఒక్కచోటే దొరకాలని 2015లో సఖి కేంద్రాలు మొదలుపెట్టారు. మంచిదే. ఆ గడప దాకా నడిపించే మనిషి మాత్రం గూడెంలోంచే లేవాలి.

మా కేసు కొట్టేశారు. మేం ఊరొదల్లేదు. మొన్న పక్క పల్లె పిల్లకి కష్టమొస్తే ఆమే ముందు లేచింది. "పద అక్కా, ఈ పిల్లయినా ఒక్కసారే చెప్పాలి" అంది.