మొరం బాటకు పాత సైకిలే మేలు

మెట్ల కింద తుప్పు పడుతున్న గేర్ల సైకిలు. దాన్ని విదేశాల్లో అందరూ మోజుపడుతున్న 'గ్రావెల్ బైక్'గా మార్చుకోవాలన్న కోరిక. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట దగ్గర తగిలిన ఓ దెబ్బ, మెకానిక్ చాచా చెప్పిన ఓ పాఠం... చివరికి జాపాల-రంగాపూర్ వేధశాల దాకా సాగిన ప్రయాణం!

"నాలుగొందలిస్తా సార్. అంతకంటే రాదు" అన్నాడు పాత ఇనుప సామాన్లాయన, సైకిలును ఓ చేత్తో లేపి బరువు చూసి. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి మెట్ల కింద అది పన్నెండేళ్లుగా పడి ఉంది. టైర్లు పగుళ్లు తేలాయి. ముందున్న షాకబ్జార్లు బిగుసుకుపోయాయి. గేర్లు మారనే మారవు. సరేనని తలూపబోతుంటే లోపలి నుంచి అమ్మ కేకేసింది.

"మీ బాపు కొనిచ్చిన సైకిల్ రా అది. కిలోల లెక్కన అమ్ముతవా?"

నిజమే. 2005లో నేను పదో తరగతి పాసైనప్పుడు బాపు కొనిచ్చాడు. అప్పట్లో మా వీధిలో గేర్లున్న సైకిలు అదొక్కటే. ఇంటర్ రెండేళ్లూ దాని మీదే తిరిగాను. తర్వాత మోటారు సైకిలు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, నగరంలో కాపురం వచ్చింది. బాపు ఇప్పుడు లేడు. పాత సామాన్లాయన ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. సైకిలు మిగిలింది. మరి దాన్నేం చేయాలి?

గ్రావెల్ అంటే మన మొరమే!

కొన్నేళ్లుగా సైకిలు ప్రియుల నోట ఎక్కువగా వినిపిస్తున్న మాట గ్రావెల్ బైక్. తారు రోడ్డు మీద రేసు సైకిలులా పరుగెత్తాలి, మట్టిబాటలో కొండల సైకిలులా నిలదొక్కుకోవాలి... ఈ రెండింటికీ మధ్య రకం అన్నమాట. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, మరీ సన్నం కాని టైర్లు దీని గుర్తులు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం ఉంది. చుట్టూ మైళ్ల కొద్దీ కంకర బాటలు. 2006లో అక్కడ మొదలైన రెండు వందల మైళ్ల పోటీ ఈ సైకిళ్లకు ఎక్కడలేని పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలే పెట్టారు.

ఇంతా చేసి గ్రావెల్ రోడ్డంటే ఏమిటి? మన మొరం బాటే. ఊరి నుంచి చెలకల్లోకి, చెరువు కట్ట నుంచి పక్క ఊరికి పోయే ఎర్రటి దారి. మన తాతలు పాలక్యాన్లు, గడ్డిమోపులు కట్టుకుని మామూలు సైకిళ్ల మీద తిరిగింది అక్కడే. కొత్తగా వచ్చింది దారి కాదు, దాని పేరు. సైకిలు ధర కూడా కొత్తదే! కొత్త గ్రావెల్ బైక్ కొనాలంటే చేతిలో బాగానే డబ్బు ఉండాలి. పేరున్న విదేశీ కంపెనీలవైతే లక్షల్లోనే.

పాతదాన్ని మార్చుకోవచ్చు కదా అనిపించింది. అలా మార్చుకోవడం నామోషీ ఏమీ కాదు. అసలు మౌంటెన్ బైక్ పుట్టిందే అలా. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాతకాలపు బరువైన సైకిళ్లను ఏరి తెచ్చి, లావు టైర్లకు తోడు ఇంకేవో హంగులు బిగించి కొండ మీది నుంచి దిగేవారు. 1976లో వాళ్లు మొదలుపెట్టిన పోటీ పేరు 'రీప్యాక్'. ఒక్కసారి కిందికి దిగేసరికి బ్రేకు వేడికి వెనక హబ్బులోని గ్రీజంతా కరిగి కాలిపోయేది. మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. ఇది చదివినప్పుడు నవ్వుకున్నాను. బ్రేకుల సంగతి నాక్కూడా త్వరలోనే అనుభవంలోకి వస్తుందని అప్పటికి తెలియదు.

"బ్రేకులు లేవా అన్నా?"

నాలుగు వీడియోలు చూసి, వంపుల హ్యాండిల్, దానికి తగిన బ్రేకు పిడులు తెప్పించుకున్నాను. రెండు వేల రెండొందలైంది. ఓ ఆదివారం పొద్దంతా కూర్చుని నేనే బిగించాను. గోడకు ఆనించి చూస్తే అచ్చం పత్రికల్లో బొమ్మలాగే ఉంది. ఫొటో తీసి స్నేహితులందరికీ పంపించాను.

మర్నాడు తెల్లారకముందే పెద్ద చెరువుకు బయల్దేరాను. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి చెరువది. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఈ రాజు పేరే ఊరికి వచ్చింది. మన హుస్సేన్ సాగర్ కూడా ఆయన హయాంలో తవ్వించిందే. తెలుగు కవులు ఆయన్ను ఇష్టంగా 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. మా చిన్నప్పుడు ఈ చెరువులో నీళ్లకన్నా తుమ్మచెట్లే ఎక్కువ కనిపించేవి. చాలా ఏళ్ల తర్వాత 2022 వానలకు నిండి అలుగు పారితే ఊరు ఊరంతా చూడ్డానికి కదిలింది.

కట్ట మీద ప్రయాణం హాయిగా సాగింది. చిక్కొచ్చింది దిగేటప్పుడే. ఏటవాలు బాటలో ఎదురుగా బర్రెలు, వాటి వెనక పదేళ్ల పిల్లాడు. రెండు బ్రేకులూ బలంగా పట్టాను. పిడులు పోయి హ్యాండిల్‌కు తాకాయి. చక్రాలు మాత్రం ఆగలేదు! పిల్లాణ్ని తప్పించాలని పక్కకు తిప్పితే తుమ్మ కంపలో తేలాను. మోచేయి చెక్కుకుపోయింది. ఒంటి నిండా ముళ్లు. పిల్లాడు దగ్గరికొచ్చి సైకిలును ఎగాదిగా చూసి అడిగాడు.

"బ్రేకులు లేవా అన్నా?"

ముళ్లు తీసుకుంటూ ఒకటే ఆలోచన. నాకు తగిలింది సరే, వాడికి తగిలి ఉంటే?

చాచా చెప్పిన లెక్క

బస్టాండుకు కాస్త దూరంలో ఓ సైకిల్ మెకానిక్ ఉన్నాడు. మా బడి రోజుల నుంచీ అందరికీ చాచానే. ఇప్పుడాయన దుకాణానికి వచ్చేవాటిలో మోటారు సైకిళ్ల పంచర్లే ఎక్కువ. సైకిలును నడిపించుకుంటూ వెళ్లేసరికి కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"గీ హ్యాండిల్ ఎవరు పెట్టిన్రు బేటా?"

"నేనే చాచా."

"బిగించుడు మంచిగనే బిగించినవ్. జోడీనే కుదరలే. గీ బ్రేకు చేతులు పొడుగుంటయి. వైరు శానా గుంజాలె. నువ్వు తెచ్చిన పిడి కొంచెమే గుంజుతది. ఇంగ రబ్బరు రిమ్మును ఎట్ల పడ్తది?"

నేను చూసిన వీడియోల్లో ఈ ముక్క ఎవరైనా చెప్పారేమో, నేనే పట్టించుకోలేదేమో! గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉండేవి వి-బ్రేకులు. రేసు సైకిలు బ్రేకులతో పోలిస్తే వీటికి దాదాపు రెట్టింపు పొడవున వైరు లాగాలి. ఆ పని చేసే ప్రత్యేక పిడులు వంపుల హ్యాండిల్‌కూ దొరుకుతాయి. అయితే వాటితోపాటు గేర్ల మీటలు కూడా మార్చుకోవాలి. ఖర్చు రెండింతలు. ఇంకో ఇబ్బందీ ఉంది. మౌంటెన్ బైక్ ఫ్రేము సీటు నుంచి హ్యాండిల్ దాకా ముందే పొడుగ్గా ఉంటుంది. వంపుల హ్యాండిల్ పెడితే ఇంకా ముందుకు సాగాలి. గంట తొక్కితే నడుం పట్టేస్తుంది.

"నీకు కొమ్ములు కావాల్నా, సైకిల్ కావాల్నా?" అన్నాడు చాచా. పాత తిన్నటి హ్యాండిల్ మళ్లీ ఎక్కింది. నా రెండు వేల రెండొందలు ఇప్పుడు మెట్ల కింద ఉన్నాయి.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన పక్కనే కూర్చుని చూశాను. ముందుగా ఫోర్కు. బిగుసుకుపోయిన షాకబ్జార్ల ఫోర్కు తీసేసి మామూలు ఇనుప ఫోర్కు వేశాడు. కిలోకు పైగా బరువు తగ్గింది. వేసేముందు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పొడవు కొలిచాడు. మరీ పొట్టిది వేస్తే సైకిలు ముక్కు కిందికి వంగుతుంది, మలుపుల్లో హ్యాండిల్ నిలవదు, పెడళ్లు రాళ్లకు కొట్టుకుంటాయి. వి-బ్రేకులు బిగించడానికి కొత్త ఫోర్కుకు పిన్నులు ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

తర్వాత టైర్లు. మొత్తం పనిలో ఎక్కువ తేడా తెచ్చింది ఇవే. బొడిపెల లావు టైర్లు తీసేసి, మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గళ్లున్న ఒకటీ ముప్పావు అంగుళాల టైర్లు వేశాం. ఇక్కడో జాగ్రత్త. ఇరవయ్యారు అంగుళాల టైర్లన్నీ ఒకటి కావు! మామూలు సైకిలుకు వేసే 26 అంగుళాల టైరు మౌంటెన్ బైక్ రిమ్ముకు ఎక్కదు. టైరు పక్కన చిన్నగా 559 అన్న అంకె ఉంటేనే తీసుకోవాలి. రేసు సైకిళ్ల పెద్ద చక్రాలు వేద్దామా అని అడిగాను. వాటి అంకె 622. అంటే రిమ్ము అంచు మూడు సెంటీమీటర్లకు పైగా ఎత్తుకు పోతుంది. ఉన్న బ్రేకు రబ్బర్లు అక్కడికి అందవు. ఆ ఆశా వదులుకున్నాను.

చైను సంగతి తేల్చడానికి చాచాకు స్కేలు చాలు. కొత్త చైనులో ఇరవై నాలుగు కణుపులు కలిపితే సరిగ్గా పన్నెండు అంగుళాలు. నాది అంగుళంలో ఎనిమిదో వంతు సాగింది. అంత సాగిన చైను వెనక ఫ్రీవీల్ పళ్లను కూడా అరగదీస్తుంది. అందుకే రెండూ మార్చాల్సి వచ్చింది. ఇరుసుల్లో బాల్స్ మార్చి కొత్త గ్రీజు పెట్టాడు. చువ్వలు బిగించి రిమ్ముల ఊగు తీశాడు. బ్రేకు వైర్లు, రబ్బర్లు అన్నీ కొత్తవే.

లెక్క చూద్దాం. రెండు టైర్లు 1,100 రూపాయలు, ట్యూబులు 360, ఫోర్కు 850, చైను, ఫ్రీవీల్ కలిపి 790, బ్రేకు రబ్బర్లు, వైర్లు 400, బాల్స్, గ్రీజు 150, చాచా కూలి 900. మొత్తం 4,550 రూపాయలు. నా తెలివితేటల ఖరీదు కలిపితే 6,750! కోఠీ దుకాణాల్లో వెతికితే, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్లు ఏరుకుంటే ఇంకొంత తగ్గేదేమో. కానీ బ్రేకు రబ్బర్లు, వైర్లు, చైను మాత్రం పాతవి కొనొద్దని చాచా గట్టిగా చెప్పాడు. ఇంకో మాట కూడా. ఫ్రేము అతుకుల దగ్గర పగులు కనిపిస్తే రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఆ సైకిలుకు పాత ఇనుప సామాన్లాయనే దిక్కు.

నక్షత్రాలు చూసిన ఊరికి

చలికాలం మొదట్లో ఓ ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాను. టైర్లలో గాలి నలభై పౌండ్లే. తారు రోడ్డుకు అది కాస్త తక్కువ, మొరానికి సరిగ్గా సరిపోతుంది. మళ్లీ అదే కట్ట, అదే ఏటవాలు. దిగేముందు గుండె కాస్త వేగంగానే కొట్టుకుంది. పిడి మీద రెండు వేళ్లు వేశాను. చక్రం బుద్ధిగా నెమ్మదించింది.

మంచాల వైపు దారి పట్టాక బండ్ల బాటలు వెతుక్కుంటూ వెళ్లాను. ఎర్ర చెలకలు, తెల్లగా విచ్చిన పత్తి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, గట్ల వెంట సీతాఫలం చెట్లు. ఇరుకు బాటలో ఆటో పోనిచోటికీ సైకిలు పోతుంది. రాళ్లు తగిలినప్పుడు చేతులకు తెలుస్తుంది గానీ సైకిలు తొణకదు. కొన్నిచోట్ల మాత్రం చిన్నప్పుడు తిరిగిన బాట ఉన్నట్టుండి ఆగిపోయింది. దానికి అడ్డంగా రంగులేసిన హద్దురాళ్లు, వెంచర్ల బోర్డులు. అవుటర్ రింగు రోడ్డు, ఆదిభట్ల కంపెనీలు వచ్చాక ఇటువైపు భూములకు రెక్కలొచ్చాయి. గ్రావెల్ సైకిలు కొనుక్కునేలోపు గ్రావెల్ మిగులుతుందా అన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే!

జాపాల, రంగాపూర్ ఊళ్ల మధ్య గుట్ట మీద తెల్లటి గుమ్మటం కనిపించేసరికి బాగా పొద్దెక్కింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల అది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీకి నగరం దీపాలు అడ్డొస్తున్నాయని, చీకటి దొరికే ఈ పల్లెలను ఎంచుకున్నారు. 48 అంగుళాల టెలిస్కోపును 1968లో ఇక్కడ నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ప్రాంతం మీదుగానే సాగింది. శాస్త్రవేత్తలు దాన్ని గమనించింది ఇక్కడి నుంచే. ఆ రోజు మధ్యాహ్నం తమ వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నేను గేటు బయటే నిలబడి కాసేపు గుమ్మటాన్ని చూసి వెనక్కి తిరిగాను. తెల్లవారుజామున బయల్దేరినప్పుడు హైదరాబాద్ దిక్కున ఆకాశం ఎర్రగా వెలుగుతూ కనిపించింది. నగరం దీపాలు ఇటుకేసీ వస్తున్నాయి మరి.

తిరుగు దారిలో చాచా దుకాణం ముందు ఆగాను. చైను వేలితో కదిపి చూశాడు. బ్రేకులు రెండుసార్లు నొక్కి చూశాడు. "వారంకోసారి తుడిచి నూనె పెట్టు. మళ్ల మెట్ల కింద పెట్టకు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. సైకిలును చూసి, సీటు మీది ఎర్రదుమ్మును కొంగుతో తుడిచింది.

"మీ బాపు ఉంటే ఒక రౌండ్ కొడ్తుండె" అంది.