మొహెంజొదారో: బావుల ఊరు

సింధ్‌లో లర్కానా దగ్గరున్న మొహెంజొదారో శిథిలాల్లో అక్కడక్కడా నిటారైన ఇటుక గొట్టాలు కనిపిస్తాయి. చూడగానే ఫ్యాక్టరీ పొగగొట్టాలేమో అనిపిస్తాయి గానీ, అవి బావులు. పాత ఇల్లు కూలినచోటే కొత్తది కట్టుకుంటూ పోతే వీధి ఎత్తు పెరుగుతుంది కదా, దానికి తగ్గట్టు జనం బావి గోడనూ పైకి లేపుకుంటూ వచ్చారు. 1920లలో తవ్వకాలు జరిపినవాళ్లు చుట్టూ మట్టి తీసేసరికి బావి ఒంటరిగా నిలబడిపోయింది. ఇలాంటివి ఊరంతటా 700 దాకా ఉండేవని ఒక అంచనా.

ఆ బావి ఇటుకకు ఒక చివర వెడల్పు, రెండో చివర సన్నం. సన్నటి కొసను లోపలికి పెట్టి గుండ్రంగా పేరిస్తే, చుట్టూ మట్టి నొక్కేకొద్దీ వరస బిగుసుకుంటుంది. సుమారు 4,500 ఏళ్ల కిందటి తాపీ మేస్త్రి తెలివి అది.

ఇళ్ల తలుపులు చాలావరకు పెద్దవీధిలోకి కాకుండా పక్క సందులోకి తెరుచుకునేవి. లోపల మండువా, దాన్ని ఆనుకుని గదులు. నీళ్లగదిలో ఇటుకలు సందు లేకుండా పరిచి, నేలను ఒక మూలకు వాలుగా దించారు. వాడిన నీళ్లు గోడలోని తూములోంచి వీధి కాలువలో పడేవి. మేడమీది నీళ్లు దిగడానికి మట్టి గొట్టాలు. కాలువపైన ఇటుకల మూత, మధ్యమధ్య మడ్డి పేరుకునే గుంతలు. ఆ గుంతల్లో ఎప్పటికప్పుడు పూడిక తీసే మనుషులు లేకపోతే ఇదంతా నాలుగు వానలకే అటకెక్కేది. అంటే కట్టడమే కాదు, కట్టినదాన్ని నడిపే ఏర్పాటూ ఉందన్నమాట. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ పడేది మాత్రం మహాస్నానవాటికదే. 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు, నీరు కారకుండా తారు పూత. గొప్పదే, కాదనను. నా ఓటు సందులో కాలువకే.

బజారులో చెకుముకి రాతితో చెక్కిన ఘనాకారపు పడికట్టు రాళ్లు వాడేవారు. 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపయ్యే ఆ తూకమే సింధు నాగరికతలోని ఇతర ఊళ్లైన హరప్పాలోనూ, లోథల్‌లోనూ చెల్లింది. ఒక వెండి పాత్రకు అంటుకుపోయిన నూలుగుడ్డ పీలికలో ఎర్ర రంగు ఆనవాలు దొరికింది. 10.5 సెంటీమీటర్ల నాట్యగత్తె కంచుబొమ్మను మైనపు అచ్చుతో పోతపోశారు. ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా లోహపు బొమ్మలదీ ఈనాటికీ ఆ పద్ధతే.

ఇప్పుడు ఈ ఊరికి నీళ్లతోనే పేచీ. అట్టడుగు పొరలు భూగర్భజలంలో మునిగి ఉండటంతో అక్కడిదాకా తవ్వడం కుదరలేదు. నీటితో పైకెక్కిన ఉప్పు ఇటుకలో గడ్డకట్టి దాన్ని పిండి చేస్తోంది. 1980లో యునెస్కో గుర్తింపు వచ్చినా, 2022 ఆగస్టు వానలకు గోడలు దెబ్బతిన్నాయి. సిబ్బంది గోడలకు మట్టిపూత పూస్తారు. అది ఉప్పు పీల్చుకుని రాలిపోతుంది, మళ్లీ పూస్తారు.