ఒక్క సీసీ తేడా

నా బల్ల మీద కలాలు పెట్టుకునే డబ్బా నిజానికి డబ్బా కాదు. తలకిందులుగా నిలబెట్టిన అంబాసిడర్ పిస్టన్. రింగులు కూర్చునే గాళ్లలో నల్లటి మసి ఇంకా ఉంది. ఎన్నిసార్లు కిరసనాయిలుతో తోమినా పోలేదు, ఇప్పుడు పోనివ్వాలనీ లేదు.

నాన్న బెజవాడలో టాక్సీ నడిపేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బండి పెట్రోలుతో పాటు ఇంజనాయిలు కూడా తాగడం మొదలుపెట్టింది. వెనకాల నీలం పొగ. ఆటోనగర్ మేస్త్రీ పొగ వాసన చూసి, “బోరుకొచ్చిందన్నా, దించాల్సిందే” అన్నాడు.

మర్నాటికి హెడ్డు విప్పేసి ఉంది. బ్లాకులో వరసగా నాలుగు గుండ్రటి బావులు. ఒక దాంట్లో వేలు పెట్టి కిందినుంచి పైకి జరపమన్నాడు మేస్త్రీ. పై అంచుకి కాస్త దిగువన గోరు చిన్న మెట్టు మీద తట్టుకుంది. పై రింగు ఏళ్ల తరబడి రాసుకుని అరగదీసిన చోటు అది.

“పదిహేను వందల సీసీ అంటారే, అదెక్కడుంటుంది?” అని అడిగాను. మేస్త్రీ సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద కూర్చున్నాడు. పిస్టన్ పైకొచ్చి ఆగే చోటు నుంచి కిందికి దిగి ఆగే చోటు వరకు ఎంత ఖాళీని తుడుచుకుపోతుందో అదే సీసీ. దాని పైన మంట రేగే గది ఈ లెక్కలోకి రాదు. “బోరుని బోరుతో హెచ్చవేసి, 0.7854తో గుణించు. తర్వాత స్ట్రోకుతో, ఆఖర్న నాలుగు సిలిండర్లతో.” ఆ 0.7854 పైలో నాలుగో వంతని ఆయన చెప్పలేదు. నాకది తర్వాతెప్పుడో తట్టింది.

కంపెనీ సైజు బోరు 7.3 సెంటీమీటర్లు, స్ట్రోకు 8.89. ముందు 53.29 వచ్చింది. తర్వాత 41.85, ఆపైన 372, ఆఖరికి 1488.

“ఆర్సీ పుస్తకంలో 1489 అని ఉంది కదా?”

మేస్త్రీ నవ్వాడు. “ఆ ఒక్కటీ ఇంగ్లండులో ఉండిపోయింది అబ్బాయ్.” ఆ ఇంజను గీసినవాళ్లు అంగుళాల మనుషులు. బోరు రెండుంబావు కాదు, రెండున్నర కాదు, 2 అంగుళాల 7 బై 8. స్ట్రోకు సరిగ్గా మూడున్నర. మిల్లీమీటర్లలోకి మారిస్తే బోరు 73.025. మేం వదిలేసిన ఆ 0.025లోనే ఉంది ఆ ఒక్క సీసీ.

అప్పట్నుంచి ఏ బండి పేరు విన్నా వెనకున్న టేపు వెతకడం అలవాటైంది. ఫియట్ 1100 ఇటలీవాళ్లది. బోరు 68, స్ట్రోకు 75, రెండూ నిండు మిల్లీమీటర్లే. లెక్కేస్తే 1089. మన ప్రీమియర్ పద్మినిలోనూ అంతే. ఇటలీలో 1962లో వచ్చిన 1100డి ఇంజను 1221కి పెరిగినా పేరు మాత్రం 1100 దగ్గరే ఆగింది. మారుతి 800లో ఉన్నది 796, అదీ మూడు సిలిండర్లలో. అంతకు ముందుతరం పేర్లయితే సీసీ జోలికే పోలేదు. అంబాసిడర్‌కి అన్న వరసయ్యే హిందుస్థాన్ టెన్‌లోని పది, ఇంగ్లండులో పన్ను వేసే హార్స్‌పవర్. బోరు అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చవేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, రెండున్నరతో భాగించేవారు. రెండున్నర అంగుళాల బోరు, నాలుగు సిలిండర్లు, సరిగ్గా పది. స్ట్రోకు ఎంతున్నా పన్ను లేదు కాబట్టి అక్కడి ఇంజన్లు సన్నగా, పొడుగ్గా పెరిగాయి.

మా బండికి నలభై థౌ బోరింగు పడింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇరవై, నలభై, అరవై, అదీ వరస. ఆపైన స్లీవులు దింపి మళ్లీ మొదటి సైజుకి రావడమే. లేతు మీద తెల్లటి నీళ్లు కారుతుంటే ఇనప రజను నల్లటి ముద్దలుగా రాలింది. నాన్న పక్కనే నిలబడి బీడీ మీద బీడీ కాల్చాడు.

ఆ లేతు షెడ్డు ఇప్పుడు లేదు. నాన్నా లేడు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. మా అబ్బాయి కొన్న బ్యాటరీ కారుకి సీసీయే లేదు.

మొన్న దుమ్ము దులుపుతూ పిస్టన్ తిప్పి చూస్తే తల మీద 040 అచ్చు కనిపించింది. కాగితం తీసి లెక్క వేశాను. ఆ సైజు బోరుకి 1531. ఆర్సీలో మాత్రం ఆఖరిదాకా 1489 అనే ఉంది. నాన్న ఎవరడిగినా “మనది పదిహేనొందల బండి” అనేవాడు. పదకొండు తక్కువైనప్పుడూ అదే మాట, ముప్పై ఒకటి ఎక్కువైనప్పుడూ అదే మాట.