తపతీ తీరాన మూడు నేలలు

ఎండాకాలంలో పత్తి ఏరివేత ముగిసి, చేలు ఖాళీ అయిన తరువాత, సూరత్ పరిసరాల్లోని రేగడి నేల నోరు తెరుస్తుంది. పిల్లవాడి చేయి మోచేతి వరకు దూరగల బీటలు పొలం పొడవునా పారుతాయి. ఆషాఢంలో తొలి వానలు కురిసేసరికి అదే నేల ఉబ్బి, బీటలన్నీ మూసుకుపోయి, కాలు పెట్టినవాడి చెప్పును వదలని బంకమన్నుగా మారిపోతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కన్ పీఠభూమిని ముంచెత్తిన లావా చల్లారి నల్లరాయిగా మారింది. ఆ రాయి యుగాల తరబడి చివికి ఏర్పడినదే ఈ నల్లమన్ను. నంద్యాల, ఆదోని ప్రాంతాల రైతుకు దీనిని ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు.

అయితే సూరత్‌లో నిలబడి పడమటి దిక్కుగా సముద్రం వైపు ప్రయాణించే బాటసారికి ఈ నల్లనేల ఎంతోసేపు తోడురాదు. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి 700 కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చిన తపతీ నది మోసుకొచ్చిన ఒండ్రు మట్టి మొదట ఎదురవుతుంది. ఆ పిమ్మట డుమ్మస్, హజీరా తీరాలను సమీపించేకొద్దీ నేల తెల్లబారి, ఉప్పు పూస్తుంది. ఖంభాత్ సింధుశాఖలోని ఆటుపోట్లు మన దేశంలోకెల్లా ఎత్తైనవి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వాగుల వెంట లోపలికి చొచ్చుకొని వస్తుంది. డుమ్మస్ వద్ద ఇసుక సైతం నల్లగానే ఉంటుంది. పూటలో కొంత భాగం ప్రయాణం చేస్తే చాలు, మూడు నేలలు దాటినట్లే.

నేలతోపాటు పచ్చదనమూ మారుతుంది. బురదలో మడచెట్లు నిలుస్తాయి. వాటి ఆకులమీద వేలు రాచి నాలుకకు తాకిస్తే ఉప్పు తగులుతుంది, చెట్టు తాగిన ఉప్పును ఆకుల గుండా బయటకు నెట్టివేస్తుంది గనుక. కొంచెం మెరకమీద, కృష్ణా గోదావరి తీరాలవారికి తెలిసిన ఇలకూర వంటి దళసరి ఆకుల మొక్కలు, చౌడును ఓర్చుకునే పీలు చెట్లు కనిపిస్తాయి. వీటిలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఎక్కడి మొక్క అక్కడ పెరుగుతుందని ఎవరికైనా తెలుసు. ఆశ్చర్యకరమైన ప్రశ్న మరొకటి ఉన్నది. రేగడిలోనూ, ఒండ్రులోనూ, ఉప్పునేలలోనూ ఒకే జాతి మొక్క పెరుగుతూ ఉంటే అది మూడు చోట్లా ఒకే మొక్కా? లేక పేరు ఒక్కటే అయి, లోపలి వారసత్వం వేరైపోయిందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన తొలి శాస్త్రజ్ఞులలో స్వీడన్ దేశపు గోటె టూరెసన్ ముఖ్యుడు. కడలి ఒడ్డున నేలను పట్టుకొని పాకే మొక్కలను, లోతట్టు మైదానంలో నిటారుగా పెరిగే అదే జాతి మొక్కలను తెచ్చి ఆయన ఒకే తోటలో, ఒకే మట్టిలో నాటాడు. తేడాకు కారణం కేవలం నేలా గాలీ అయితే అవి క్రమంగా ఒకే తీరుగా మారిపోవాలి. చాలా సందర్భాల్లో అలా జరగలేదు. పాకేది పాకుతూనే ఉన్నది. ఇలా ఒక పరిసరానికి తగినట్లు వంశపారంపర్యంగా రూపొందిన రకానికి 1922లో ఆయన ఎకోటైప్ అని పేరు పెట్టాడు.

మన దేశంలోనూ ఇటువంటి పరిశోధన జరిగింది. బాటల పక్కన ఎవరూ పట్టించుకోని నానబాలు జాతి మొక్క ఒకటి నేలకు అంటుకొని పాకుతుంది. 1960వ దశకంలో పి.ఎస్. రామకృష్ణన్ దీనిని పరిశీలించి, సున్నం అధికంగా గల నేలకు అలవాటుపడిన రకం, సున్నాన్ని ఇష్టపడని రకం అని ఇందులో వేర్వేరు ఎకోటైప్‌లు ఉన్నాయని చూపించాడు. కాలికింద నలిగే కలుపుమొక్కకు ఇంతటి నేలపట్టింపు ఉండటం వింత కాదూ?

పుప్పొడి గాలిలో ఎగిరిపోతుంది కదా, పక్కపక్కనే ఉన్న మొక్కలు కలిసిపోకుండా ఎలా విడిపోగలవు అన్న సందేహం న్యాయమైనదే. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు పాత గనుల వద్ద దీనికి చక్కని సమాధానం దొరికింది. సీసం, రాగి, జింకు తవ్విన గనుల చెత్తకుప్పలు మామూలు గడ్డికి విషం. అయినా వాటిమీద కొంత గడ్డి మొలిచింది. ఆంథొనీ బ్రాడ్‌షా, ఆయన సహచరులు పరిశీలించగా, కుప్పమీది గడ్డి లోహవిషాన్ని తట్టుకుంటున్నదనీ, కొద్ది మీటర్ల దూరంలోని పచ్చికబయలులో ఉన్న అదే గడ్డి తట్టుకోలేకపోతున్నదనీ తేలింది. గాలి రెండింటి పుప్పొడినీ కలుపుతూనే ఉన్నది. కాని తట్టుకోలేని మొలకను నేల ప్రతి తరంలోనూ చంపివేస్తున్నది. అంతేకాదు, గనిమీది గడ్డి కొన్నిచోట్ల పొరుగు గడ్డికన్న ముందుగా పూతకు వస్తున్నది. పూత కాలాలు వేరైతే సంకరం తగ్గుతుంది. ఇద్దరు పొరుగువారు వేర్వేరు వేళల్లో నీళ్లరేవుకు వెళ్తే మాటలు కలవనట్లే.

ఈ విభజనకు యుగాలు పట్టనక్కరలేదు. జింకు పూత పూసిన విద్యుత్ స్తంభాల నుండి వానకు కారిన జింకు కింది నేలలో చేరగా, రెండు మూడు దశాబ్దాల్లోనే ఆ చుట్టూ ఉన్న గడ్డిలో జింకును ఓర్చుకునే గుణం వచ్చిన ఉదంతాలు బ్రిటన్‌లో నమోదయ్యాయి.

ఈ కథకు పక్కనే మనిషి చేయి కూడా తోడైన రూపం సూరత్‌కు ఉన్నది. అదే పత్తి. అడవి మొక్కను మనిషి చేనిలోకి తెచ్చుకున్నా, నేల తన ఎంపికను మానలేదు. గుజరాత్‌లో తరతరాలుగా సాగైన దేశవాళీ పత్తి ప్రధానంగా ఒకే జాతికి చెందినది. దాని అడవి బంధువు ఇప్పటికీ దక్షిణాఫ్రికా పొదల్లో పెరుగుతున్నది. ఆ ఒక్క జాతిలోనే దక్షిణ గుజరాత్ రేగడిలో కాయ విచ్చుకొని దూది బయటపెట్టే సూర్తీ రకాలు పెరిగాయి. పొడిగాలులు, దుమ్ము, ఉప్పు గల కచ్ఛ్, వాగడ్ ప్రాంతాల్లో కాయ పూర్తిగా విచ్చుకోని రకం నిలిచింది. అక్కడి రైతు దూదిని చేనిలో ఏరడు, మూసిన కాయలనే కోసి ఇంటికి తెచ్చి వలుస్తాడు. విచ్చుకోని కాయలో దూదికి దుమ్ము అంటదు.

తెలుగు నేలమీద కూడా ఇదే కనిపిస్తుంది. బళ్లారి, అనంతపురం రేగడిలో వెస్టర్న్స్, నంద్యాల రేగడిలో నార్తర్న్స్, ఎర్రనేలల్లో ముంగారి, కాకినాడ రేవు నుండి ఎగుమతి అయినందువల్ల కొకనాడా అన్న పేరు పొందిన కోస్తా పత్తి. వర్తకులు పెట్టిన పేర్లు ఇవి, కాని ఆ పేర్ల కింద ఉన్నవి నేలలే.

పరదేశపు పత్తిని ఈ నేలలమీద రుద్దాలన్న ప్రయత్నం పాతదే. ఈస్టిండియా కంపెనీ 1840లో అమెరికన్ తోటల యజమానులను రప్పించి, గుజరాత్‌తో సహా పలుచోట్ల వారి పత్తిని వేయించింది. గుజరాత్‌లో అది నిలవలేదు. ధార్వాడలో మాత్రం వేళ్లూనుకొని, కాలక్రమాన ధార్వాడ అమెరికన్ అనే ప్రత్యేక రకంగా స్థిరపడింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి రవాణా ఆగిపోగా, లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తిని ఆశ్రయించాయి. ఎక్కడి పత్తి అయినా అక్కడ ‘సూరత్’ అనే పిలిచేవారు. పొట్టి పోగు వారి యంత్రాలకు సరిపడక తెగిపోయేది. చివరకు సూరత్ అన్న మాట అక్కడ నాసిరకానికి పర్యాయపదమైంది. లోపం పత్తిదని వారు అన్నారు. మన చరఖాకు, మన నేలకు సరిపోయిన పోగు మరొకరి యంత్రానికి తగలేదంటే అది పత్తి తప్పు కాదు.

పరదేశపు పత్తి కడకు గెలిచింది, అదీ సూరత్ నుండే. అఠ్వా వ్యవసాయక్షేత్రంగా 19వ శతాబ్దంలో మొదలైన పత్తి పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ 1970లో హైబ్రిడ్-4 అనే పత్తిని విడుదల చేశారు. ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన తొలి సంకర పత్తి అది. దాని తల్లిదండ్రులు రెండూ అమెరికన్ జాతివే. రైతుకు దిగుబడి పెరిగింది, మిల్లుకు పొడుగు పోగు దొరికింది. ఈ విజయాన్ని తక్కువ చేసి చూపడం అన్యాయం. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించాక దేశంలోని పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం ఆ సంకరాలదే అయింది. దేశవాళీ రకాలు చౌడు అంచులకు, నీరులేని మెట్టలకు జరిగిపోయాయి.

ఇక్కడే నష్టమున్నది. దేశవాళీ పత్తి కణంలో 26 క్రోమోజోములు, అమెరికన్ పత్తి కణంలో 52. రెండింటినీ కలిపితే పుట్టే మొక్క సాధారణంగా గొడ్డుపోతుంది. కనుక కరవును, ఉప్పును ఓర్చిన గుణాన్ని పాత రకం నుండి కొత్త రకానికి మార్చడం సులువు కాదు. పాత రకమే పోతే ఆ ఓర్పు కూడా దానితోనే పోతుంది. విత్తనాలను శీతల గదుల్లో దాచడం మంచిదే. కాని గదిలోని విత్తనం పెరగదు, ఎండిపోదు, చౌడుతో తలపడదు. దాని ఎంపిక అక్కడ ఆగిపోతుంది. మారుతున్న వానలకు తగినట్లు మారాలంటే అది చేనిలోనే ఉండాలి.

సూరత్ లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాలు నడుపుతున్నాయి. వీధుల్లో తెలుగు మాట వినిపిస్తుంది. మగ్గాలమీద సాగేది మాత్రం చాలావరకు కృత్రిమ దారం. పత్తి పేరును ప్రపంచానికి ఇచ్చిన ఊరిలో ఇప్పుడు పత్తి చీరకన్న పాలియెస్టర్ చీర ఎక్కువ. ఆ చీరల మూటలతో లారీలు హైదరాబాద్ బాట పడతాయి. ఉత్తరాన కచ్ఛ్‌లో మాత్రం కొందరు నేతపనివారు, కొందరు రైతులు కలిసి ఆ మూసిన కాయల పత్తినే మళ్లీ వడికి నేస్తున్నారు. వానమీద ఆధారపడి, ఎరువు మందులు పెద్దగా అడగకుండా, ఆ ఉప్పుగాలిలో అది ఇప్పటికీ కాస్తున్నది.